గొర్రెల కొట్టంలో అడగకూడని ప్రశ్న

మార్లిస్ రాస్ముసెన్ కుర్చీలో కూర్చుని ఉండగా చూశామని చెప్పేవాళ్లు ఆ విశ్వవిద్యాలయంలో ఒక్కరూ దొరకరు. ఆఫీసులో కుర్చీ ఉంది, దాని మీద ఆమె కోటు ఉంటుంది. ఆమె మాత్రం తాళాల గుత్తి గలగలలాడించుకుంటూ మ్యూజియానికీ, గ్రీన్‌హౌస్‌కీ, గొర్రెల కొట్టానికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటుంది. మధ్యాహ్నం హాట్‌డిష్ అనే మాంసం, బంగాళాదుంపల వంటకం కూడా నిలబడే, డబ్బాలోంచే తినేస్తుంది. వలంటీర్లను చూసుకోవడం ఆమె ఉద్యోగం. జీతం లేకుండా పనిచేస్తామని విద్యార్థులూ, ఊళ్లోవాళ్లూ వస్తారు. వాళ్లలో ఎవరు ఏ పనికి తగుదురో తేల్చాలి. పోలీసు కేసులేమైనా ఉన్నాయా, ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకున్నారా, ఇదే పనికి ఇక్కడే జీతం తీసుకుంటున్నారా, అన్నీ చూడాలి. ఊరికే చేస్తామన్నా ఇన్ని యక్షప్రశ్నలా అని విసుక్కునేవాళ్లకు ఆమె దగ్గర ఒకటే జవాబు. "మీరు ఊరికే చేస్తారు సరే. దెబ్బ తగిలితే ఆస్పత్రివాళ్లు ఊరికే చూడరుగా."

మార్చి వచ్చిందంటే ఆ తిరుగుడు మరీ ఎక్కువవుతుంది. అది గొర్రెలు ఈనే కాలం. బయట మంచు ఇంకా మోకాళ్ల దాకా ఉంటుంది, కొట్టంలో మాత్రం ఎడతెరిపి లేకుండా పిల్లలు పుడుతుంటాయి. పశువైద్యం చదవాలనుకునే విద్యార్థులు ఆ పనికి ఎగబడతారు. పశువుల మధ్య పనిచేసిన గంటలు చూపించకపోతే పశువైద్య కాలేజీ గడప తొక్కనివ్వరు మరి. ఈ కొట్టానికి మాత్రం ప్రత్యేకంగా ఒక షరతుంది. కడుపుతో ఉన్న ఆడవాళ్లు లోపల అడుగుపెట్టకూడదు. ఈనే గొర్రెల ఉమ్మనీటి నుంచీ, మావి నుంచీ అంటుకునే జబ్బులు కొన్ని మనిషి కడుపులో బిడ్డను బతకనివ్వవు.

ఈ సంగతి మార్లిస్‌కు ఉద్యోగంలో చేరాక, ఒక శిక్షణ తరగతిలో తెలిసింది. ఆమె పుట్టింది గొర్రెలున్న ఇంట్లోనే. ఒక వసంతంలో ఆమె తల్లి మందకంతటికీ పురుళ్లు పోసి, ఆ నెలలోనే తన కడుపు పోగొట్టుకుంది. బరువులెత్తినందుకే పోయిందని నాయనమ్మ బతికినన్నాళ్లూ దెప్పింది. తల్లి కూడా నిజమే కాబోలనుకుని, అలాగే అనుకుంటూ పోయింది. తరగతిలో ఆ మాట విన్న రోజున మార్లిస్ మధ్యలోనే లేచి వెళ్లిపోయింది. ఎవరి మీద చూపించాలో తెలియని ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఇంతా చేసి, కడుపుతో ఉన్నావా అని ఎవరినీ అడగడానికి వీల్లేదు. విశ్వవిద్యాలయం లాయర్లది ఏటా అదే పాట. హెచ్చరిక చదివి వినిపించండి, సంతకం తీసుకోండి, అక్కడితో ఆగండి. అడిగితే వివక్ష చూపించారని కేసు పెడతారు. చదవడం ఆమె వంతు, తప్పుకోవడం వాళ్ల వంతు. చట్టం దాంతో హాయిగా నిద్రపోతుంది. మార్లిస్‌కు ఆ భాగ్యం లేదు.

ఆ ఏడు ఆమె కళ్లు కేలిన్ మీద పడ్డాయి. బక్కపల్చటి పిల్ల, మూడో సంవత్సరం చదువుతోంది, పనిలో చురుకైనది. అలాంటిది ఉన్నట్టుండి కాఫీ మానేసింది. ఒంటికి రెండు సైజులు పెద్దదైన ఓవరాల్ తొడుక్కుని వస్తోంది. గొర్రె ఈనగానే ముఖం పాలిపోయి, కొట్టం వెనక్కి పరుగెత్తి, కళ్లు తుడుచుకుంటూ తిరిగొస్తోంది.

"ఆ పిల్ల ఇవాళ కూడా కక్కిందా?" అని మార్లిస్ కొట్టం చూసుకునే ఆరిన్‌ను అడిగింది.

"గొర్రె సూడిదో కాదో చెప్పమను, చెబుతా," అన్నాడు ఆరిన్ గడ్డి ఎగదోస్తూ. "ఆడపిల్లల సంగతి నన్నడక్కు. నాకు పెన్షన్ కావాలి."

మార్లిస్ హెచ్చరిక కాగితం పట్టుకొచ్చి అందరినీ నిలబెట్టి మళ్లీ చదివింది. మర్నాడు ఇంకోసారి చదివింది. ఎవరూ కదల్లేదు. పోస్టాఫీసులో పనిచేసే జోలీన్ మాత్రం గడ్డి మోపు మీద కూర్చున్నది కూర్చున్నట్టే కునుకు తీసి, గురక పెట్టింది. జోలీన్‌కు నలభై ఆరేళ్లు, ఇద్దరు కొడుకులూ కాలేజీలో ఉన్నారు. ఇల్లు బోసిపోయిందని ఈ పనికి వస్తోంది. ఈమధ్య చెమటలు పోస్తున్నాయంటూ ఆ చలిలో తలుపులు బార్లా తెరుస్తోంది.

"మూయవే తల్లీ, గొర్రెలు బిగుసుకుపోతాయి," అంది మార్లిస్.

"ముట్లుడిగే వయసు మార్లిస్. లోపల పొయ్యి రాజుకుంది. నీకు తెలీనిదా?"

"నా పొయ్యి ఆరి చాలా కాలమైందిలే."

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుతూనే మార్లిస్ చూపు కేలిన్ కోసం వెతికింది.

ఆ వారం మార్లిస్‌కు ఇంట్లో అన్నం సయించలేదు. భర్త ఏదో అడిగితే వేరే ఏదో చెప్పింది. చివరికి ఒక ఉపాయం పన్నింది. కారణం చెప్పకుండా కేలిన్‌ను దాణా గదికి మార్చేసింది. మర్నాడు పొద్దున్నే కేలిన్ ఆమెను వెతుక్కుంటూ కొట్టంలోకి వచ్చింది. అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని జోలీన్ తువ్వాలుతో తుడుస్తోంది. ఆమె చేతులు మోచేతుల దాకా తడిగా ఉన్నాయి. చేతి తొడుగులు వేసుకుంటే పిల్లకు ఊపిరి ఆడుతోందో లేదో తెలీదని ఆమె వాదన.

"బస్తాలు లెక్కపెడితే పశువుల మధ్య గడిపినట్టు ఎవరూ రాయరు," అంది కేలిన్. "నేనేం తప్పు చేశానో చెప్పండి."

"తప్పేం లేదు. హెచ్చరిక విన్నావుగా."

"విన్నాను. ప్రతిసారీ నన్నే చూస్తూ చదివారు కూడా."

మార్లిస్‌కు లాయర్లు గుర్తొచ్చారు, ఉద్యోగం గుర్తొచ్చింది. అంతకంటే ముందు తల్లి గుర్తొచ్చింది.

"నువ్వు కడుపుతో ఉన్నావా?" అని అడిగేసింది.

కేలిన్ తల దించుకుంది.

"కాదు. వాసన," అంది. "ఆ మావి వాసన నాకు పడదు. కాఫీ తాగి వస్తే అదీ బయటికొచ్చేస్తోంది. ఓవరాల్ మా అన్నది, పాడైనా పరవాలేదని వేసుకుంటున్నా. వాసన పడని పశువైద్యురాలిని ఎవరు రానిస్తారు? అందుకే ఎవరికీ చెప్పలేదు."

మార్లిస్‌కు ఒళ్లంతా తేలికైంది. సిగ్గుతో నవ్వొచ్చింది. "ఓసి పిచ్చిదానా," అని కేలిన్ భుజం తట్టింది. "ఆరిన్ ముక్కు కింద మెంథాల్ రాసుకుంటాడు, తెలుసా? వెళ్లి అడుగు."

అప్పుడే జోలీన్ చేతిలో తువ్వాలు ఆగిపోయింది.

"మార్లిస్," అంది నెమ్మదిగా. "ముట్లుడిగేటప్పుడు పొద్దున్నే కడుపులో తిప్పుతుందా?"

గొర్రెపిల్ల ఒళ్లోంచి జారి తల్లి దగ్గరికి తప్పటడుగులు వేసింది.

"క్రిస్మస్ నుంచీ నెలసరి రాలేదు. వయసనుకున్నా," అంది జోలీన్. "మా చిన్నాడి వయసు పందొమ్మిది, మార్లిస్."

మార్లిస్ ఆమె రెక్క పట్టుకుని లేపి, కొట్టం చివర సింకు దగ్గరికి దాదాపు ఈడ్చుకెళ్లింది. కేలిన్ డాక్టరుకు ఫోన్ చేయడానికి పరుగెత్తింది. వేడినీళ్లు వదిలి, జోలీన్ చేతులను వేళ్ల దగ్గర్నుంచి మోచేతుల దాకా సబ్బుతో రుద్దింది మార్లిస్. కడిగి మళ్లీ రుద్దింది. నిన్నటిదీ, మొన్నటిదీ ఈ సబ్బుతో పోదని ఆమెకు తెలుసు.

"ఆ పిల్లని అడిగావు," అంది జోలీన్. ఆ గొంతులో కోపం లేదు. "వారం నుంచీ దాని వెనకే తిరిగావు. నన్నెందుకు అడగలేదు?"

నీ వయసు చూసి ఆ అనుమానమే రాలేదని చెప్పలేక, మార్లిస్ సబ్బు మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"చాలు మార్లిస్, చర్మం మండుతోంది."

"ఇంకొక్కసారి," అంది మార్లిస్.