గాలి తగలని కట్టెలు

వీధిలో అందరూ ఆమెను కట్టెలక్క అంటారు. కోడలై ఆ వీధికి వచ్చిన ఏడాది నుంచీ రొట్టెల బట్టీలో మండేవి ఆమె ఆరబెట్టిన కట్టెలే. నేల చెమ్మ తగలకుండా కింద రెండు దుంగలు పరిచి, చీల్చిన ముక్కలను బెరడు పైకి పెట్టి, గాలి దూరేంత సందు విడిచి పేర్చేది. ఎండ ఆ సందుల్లోకి వచ్చి కాసేపు కూర్చుని పోయేది. పచ్చి వాసన పోయి, ముక్కల చివర్లు సన్నగా నెర్రెలు విచ్చేదాకా ఆమె తొందరపడేది కాదు.

మరిది పెళ్లయ్యాక పెరట్లో రెండో వరుస లేచింది. తోడికోడలికి పని నేర్పింది కట్టెలక్కే. నేర్పినంతసేపూ బాగానే ఉంది. ఒకనాడు కట్టెలు కొనే బట్టీ ఆయన దారిన పోతూ ఆగి, చిన్నదాని వరుస చూసి, "గోడ కట్టినట్టుందమ్మా" అన్నాడు. పక్కనున్న కట్టెలక్క వరుస వైపు కన్నెత్తి చూడలేదు. ఆ పూట కట్టెలక్కకు అన్నం సయించలేదు.

"ఏమైంది నీకు?" అన్నాడు మొగుడు.

"నాకేమవుతుంది? మీ తమ్ముడి పెళ్లాం గోడలు కడుతోందట. మేస్త్రీ పనికి పంపండి."

ఆ ఏడు ఆమె కట్టెలను గుండ్రంగా, పైకి పోయేకొద్దీ సన్నబడేలా పేర్చింది. అంత అందంగా ఎప్పుడూ కుదరలేదు. కుదిరాక భయం పట్టుకుంది. చిన్నది చూస్తే ఇదీ నేర్చేసుకుంటుంది. టార్పాలిన్ పట్టా తెచ్చి నెత్తి నుంచి నేల దాకా కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టింది.

"అక్కా, పైన కప్పి పక్కలు వదిలెయ్యాలని నువ్వే చెప్పావుగా" అంది తోడికోడలు.

"నా కట్టెలకు చలేస్తోందిలే. నీ పని చూసుకో."

వానలు వచ్చి పోయాయి. రోజూ పొద్దున్నే పెరట్లోకి వచ్చి ఆమె పక్క వరుసనే చూసేది. తన పట్టా ఎత్తి చూడాలన్న ధ్యాసే లేదు.

బట్టీ ఆయన వచ్చి, ఎప్పటిలాగే రెండేసి ముక్కలు తీసి ఒకదానికొకటి కొట్టాడు. చిన్నదానివి ఖంగుమన్నాయి. కట్టెలక్క పట్టా ఓ మూల ఎత్తితే మూసిన గదిలోంచి వచ్చినట్టు ముక్కిపోయిన వాసన వచ్చింది. ముక్కలు తెల్లగా బూజు పట్టి, కొడితే దబ్బుమన్నాయి.

"ఈసారికి చిన్నమ్మాయివి తీసుకెళ్తానమ్మా" అన్నాడాయన, ఆమె మొహం చూడకుండా.

సాయంత్రం బట్టీ మీద పొగ సన్నగా, నీలంగా లేచింది. తనది కాని పొగ. బండికెత్తగా మిగిలిన చిన్నదాని వరుస చుట్టూ ఆమె ఒకసారి తిరిగింది, ఎక్కడైనా వాలిందేమోనని. ఒక్క వంకా దొరకలేదు. అందుకే ఆమెకు ఇంకా మండింది.

"అక్కా, నీవి విప్పి మళ్లీ పేర్చుకుందాం రా. నేనూ అందిస్తాను."

"చూసి నేర్చుకోడానికా?"

"నేర్చుకుంటే మాత్రం? నీ దగ్గరేగా."

కట్టెలక్క పట్టా అంచు మీది రాయిని కాలితో పక్కకు నెట్టింది. రెండో కొస చిన్నది పట్టుకుంది. ఇన్నాళ్లూ బయటే తిరిగిన గాలి లోపలికి వెళ్లింది.

"బెరడు పైకి పెట్టు" అంది కట్టెలక్క కటువుగా.

చిన్నది అప్పటికే అలా పెట్టేసింది.