జెర్సీలకు పొగ వేసినవాడు

"ఏం పని చేస్తావు భాయ్?" అని ఎవరడిగినా అహ్మద్ అలీ పని పేరు చెప్పేవాడు కాదు. "నేను ఇంటి మనిషిని" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు రెండంగుళాలు పొడుగయ్యేవాడు కూడా. మెట్‌పల్లిలో ఆయన భార్య రఫియా వాడకట్టంతా అదే చాటేది. "మా ఆయన దుబాయిల అందరి లెక్క నౌకరీ జేస్తలేడు. సేఠ్ ఇంట్ల మనిషి లెక్క ఉన్నడు." ఆయన ఉండేది ఖతర్‌లో. అటువైపు దేశాలన్నీ రఫియాకు దుబాయే, అది మామూలే. చిక్కంతా ఆ 'ఇంటి మనిషి' అన్న మాట దగ్గరే ఉంది.

ఆ ఇంటివాళ్ళది అల్ వక్రా అనే రేవు ఊరు. వాళ్ళకొక ఫుట్‌బాల్ టీమ్ ఉండేది. తాత పెట్టాడు, కొడుకు పెంచాడు. మనవడి సంగతి తర్వాత చెబుతాను. తాతను పనివాళ్ళంతా పెద్ద బాబా అనేవారు. చేపల పడవలు తిప్పిన మనిషి. రేవులో పనిచేసేవాళ్ళను పోగేసి మొదలుపెట్టిన ఆట, ఆయన చేతుల్లోనే జీతాలిచ్చి ఆటగాళ్ళను రప్పించుకునేంత అయింది.

అహ్మద్ అలీ ఇరవై ఏడేళ్ళ వయసులో ఆ ఇంటికి డ్రైవర్ వీసా మీద వచ్చాడు. స్టీరింగ్ పట్టింది ఆర్నెల్లే. ఒక మ్యాచ్ రోజు పొద్దున పెద్ద బాబా అతన్ని జెర్సీల గదిలోకి పిలిచాడు. నేలమీద నిప్పులు నింపిన ఇత్తడి పాత్ర, దానిమీద బోర్లించిన బెత్తపు బుట్ట. నిప్పుల్లో అగరు చెక్క వేస్తే లేచే పొగను వాళ్ళు బుఖూర్ అంటారు, మన సాంబ్రాణి లాంటిదే. ఆటకు ముందు ప్రతి జెర్సీనీ ఆ బుట్టమీద పరిచి పొగ పట్టించాలి. అది ఆ ఇంటి ఆనవాయితీ. పెద్ద బాబాకు ఆయాసం వచ్చి వంగలేకపోతున్నాడు.

"ఇది జీతగాడి చేత చేయించే పని కాదు, ఇంటివాళ్ళే చెయ్యాలి. ఇకనుంచి నువ్వు చెయ్యి" అన్నాడాయన.

అంతే! ఆ ఒక్క మాటతో అహ్మద్ అలీ మునగచెట్టెక్కాడు. మళ్ళీ ఇరవై తొమ్మిదేళ్ళు దిగలేదు.

ఊరికే ఎక్కి కూర్చున్నాడని అనలేం లెండి. చాకిరీ చేశాడు. నంబర్లు ఊడిపోకుండా జెర్సీలను తిరగేసి ఉతికేవాడు. తడిసిన బూట్లలో పేపర్లు కుక్కి నీడలో పెట్టేవాడు. ఎవడికి ఏ కాలు బెణికిందో డాక్టర్ కన్నా ముందు ఆయనకే తెలిసేది. గ్రౌండ్ వెనక, ఆ జెర్సీల గదిని ఆనుకునే చిన్న గదిలో కాపురం. పెద్ద బాబా పోయాక కొడుకు అబూ నాసర్ వచ్చాడు. ఆయన కాలంలోనూ పొగ వేసిన చెయ్యి అహ్మద్ అలీదే.

పదమూడేళ్ళ కిందట అబూ నాసర్ టీమ్‌ను కంపెనీ కింద పెట్టాడు. గ్రౌండ్‌లో పనిచేసే అందరి వీసాలూ దాని పేరు మీదికి మార్చమన్నాడు. ఆఫీసు లెక్కలు చూసే రామకృష్ణారావుది కాకినాడ. కాగితాలు పట్టుకుని తనే జెర్సీల గదికి వచ్చాడు.

"అహ్మద్ అలీ గారూ, ఇక్కడో సంతకం పెట్టండి. ఇంటి వీసా మీదే ఉండిపోతే కాగితాల్లో మీకూ టీమ్‌కీ ఏ సంబంధమూ ఉండదండీ."

అహ్మద్ అలీ పెద్దగా నవ్వాడు. "కాగితాలు నాకెందుకు సార్? ఇవన్నీ కూలోళ్ళకు. నేను ఇంటి మనిషిని. ఇంట్లకెంచి పేరు తీసి కంపెనీల రాసుకుంటె, పెద్ద బాబా నా చేతుల పెట్టిన పొగకు ఇజ్జత్ ఉంటదా?"

గడ్డికి నీళ్ళు పెట్టే రాజన్న అక్కడే ఉన్నాడు. సిరిసిల్ల మనిషి, వచ్చి ఏడాది కూడా కాలేదు. "పెట్టరాదె అలీ భాయ్, ఒక్క సంతకమే గదా" అన్నాడు. "నువ్వు పెట్టుకో బిడ్డా, నీకు అవసరం" అన్నాడు అహ్మద్ అలీ. రాజన్న పెట్టాడు, వంటవాడు పెట్టాడు, టీ కాచేవాడూ పెట్టాడు. రామకృష్ణారావు మరో రెండుసార్లు వచ్చి అడిగి, ఇక విసిగి ఊరుకున్నాడు. చెప్పేవాడు మూడుసార్లు చెప్పాడు, అంతకన్నా ఏం చెయ్యాలి?

నిరుడు అబూ నాసర్ పోయాడు. పిల్లలు నలుగురు, మాటలు నాలుగు. ఒకడికి టీమ్ కావాలి, ఇద్దరికి వద్దు, కూతురికి గొడవే వద్దు. చివరికి పెద్దవాడు నాసర్ అమ్మేద్దామన్నాడు. మూడు తరాల టీమ్ మూడు నెలల్లో ఒక కంపెనీ చేతికి పోయింది.

కొత్తవాళ్ళు ఎవరెవరిని తీసుకుంటున్నారో రామకృష్ణారావు గ్రౌండ్‌లోనే నిలబడి చదివాడు. ముప్పై ఆరు పేర్లు. అహ్మద్ అలీ అందరికన్నా ముందు నిలబడి విన్నాడు. వంటవాడి పేరు వచ్చింది, టీ కాచేవాడి పేరు వచ్చింది. జెర్సీల గదికి రాజన్న అన్నాడు. కాగితం మడిచేశాడు.

"సార్, ఇంకో కాగితం ఉండాలె, చూడుండ్రి" అన్నాడు అహ్మద్ అలీ, నవ్వుతూనే.

"లేదండీ. కంపెనీ పేరున ఉన్నవాళ్ళనే తీసుకుంటామన్నారు. కొత్తగా ఒక్కరిని కూడా చేర్చుకోం అన్నారు. నేను అడిగానండీ, నిజంగా అడిగాను" అన్నాడు రామకృష్ణారావు. ఆయన మొహం ఎత్తలేకపోయాడు.

అహ్మద్ అలీ ఆ పూటే అల్ వుకైర్‌లో నాసర్ ఇంటికి పరుగెత్తాడు. నన్ను కూడా టీమ్ వెంట పంపు బాబా, నువ్వు ఒక్క మాట చెబితే వాళ్ళు కాదనరు అని బతిమాలాడు. నాసర్ లేచి వచ్చి రెండు భుజాలూ పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా పెట్టుకున్నాడు.

"నిన్ను ఎట్లా పంపిస్తాను? టీమ్‌ను అమ్మాను, ఇంటివాళ్ళను అమ్ముతానా? నువ్వు మా తాత మనిషివి. ఇక్కడే ఉండు. మాఫీ ముష్కిల్, ఏ ఇబ్బందీ లేదు."

తిట్టి ఉంటే బాగుండేది. తిడితే తిరగబడవచ్చు. అంత ప్రేమగా అన్నవాడితో ఏమని వాదిస్తాం? అహ్మద్ అలీ ఇన్నేళ్ళూ చెప్పుకున్న మాటనే నాసర్ ఆయనకు తిరిగి ఇచ్చాడు.

జెర్సీల గది తాళం రాజన్నకు ఇచ్చాడు. ఇప్పుడు కాపురం అల్ వుకైర్‌లో, కార్ల షెడ్డు పక్క గదిలో. పొద్దున వంటమనిషిని కూరగాయల మార్కెట్టుకు తీసుకుపోవడం, తీసుకురావడం. అంతే పని. రఫియా ఫోన్‌లో, "టీమ్ పోతే పోనీ, ఇంట్ల మనిషివే గదా, ఇంకేం గావాలె నీకు?" అంది. ఆమెకు అట్లా చెప్పుకోవడం నేర్పింది తనే. ఫోన్ పెట్టేసి వెక్కివెక్కి ఏడ్చాడు.

రాజన్న మంచివాడు. మ్యాచ్ ఉన్న ప్రతి పొద్దునా ఫోన్ చేసేవాడు. గోల్‌కీపర్ గ్లవుజులు ఎట్లా ఆరబెట్టాలి, నాలుగో నంబర్ మోకాలి పట్టీ ఏ డబ్బాలో ఉంది, తెల్ల జెర్సీలకు గడ్డి మరక ఎట్లా పోతుంది. అహ్మద్ అలీ కారు పక్కకు ఆపి, ఏదీ దాచుకోకుండా విడమరిచి చెప్పేవాడు. ఫోన్ పెట్టేశాక కాసేపు గుండె తేలికగా ఉండేది. ఒకసారి రాజన్న, "భాయ్, పొగ వద్దన్నరు. గదిల అలారం మోగుతదట" అన్నాడు.  అహ్మద్ అలీ, "మడతల నడుమ అగరు చెక్క ముక్క పెట్టు, వాసనన్న ఉంటది" అన్నాడు.

ఐదో మ్యాచ్‌కు ఫోన్ రాలేదు. ఆరోదానికీ రాలేదు. ఏడో మ్యాచ్ పొద్దున మార్కెట్టు బయట కార్లో కూర్చుని తనే చేశాడు.

"రాజన్నా, గ్లవుజులు ఎండల వెయ్యకు, పగుల్తయ్."

"తెల్సు భాయ్, నువ్వే జెప్పినవ్ గదా."

"నాలుగో నంబరోనికి పట్టీ..."

"కట్టిన భాయ్. జెర్సీలు గూడ మడతపెట్టి పెట్టిన. నీ పుణ్యమాని అన్నీ ఒచ్చినయ్ నాకు. బస్సు ఎక్కుతున్నం, మల్ల జేస్త."

అహ్మద్ అలీ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఇంకేం మిగిలిందా అని వెతుక్కున్నాడు. చెప్పడానికి ఒక్కటీ మిగల్లేదు. వంటమనిషి వచ్చి డిక్కీ తెరవమని అద్దం తట్టింది. దిగి తెరిచాడు.