పదకొండు బై మూడు

మొన్న ఆదివారం మా కాలనీ వాళ్ల పేర్లూ ఇంటి నంబర్లూ కంప్యూటర్లో ఎక్కిస్తున్న మా మనవరాలు ఉన్నట్టుండి పకపకా నవ్వింది. నిజామాబాద్‌లో మా గల్లీ ఇంటి నంబర్లన్నీ అడ్డగీతలతోనే ఉంటాయి కదా, అది 4-5-12 అని కొట్టి ఎంటర్ నొక్కగానే గడిలో నంబరు మాయమై ఎప్పటిదో ఒక తారీఖు వచ్చి కూర్చుందట. "తాతా, మనిల్లు తారీఖైపోయింది సూడు" అని పిలిచింది. నేను వెళ్లి, అంకెకు ముందు ఇంగ్లీషు మాటల్లో పైన పెట్టే చిన్న కామా ఒకటి పెట్టి మళ్లీ కొట్టమన్నాను. ఈసారి నంబరు నంబరులాగే నిలిచింది. డెబ్బై దాటిన ముసలాడికి ఈ కిటుకు ఎట్లా తెలుసని దాని ఆశ్చర్యం. ఆఫీసులో నేర్చుకున్నానని మాత్రం చెప్పి వరండాలోకి వచ్చి కూర్చున్నాను. ఎవరి వల్ల నేర్చుకున్నానో చెప్పడానికి నోరు రాలేదు.

నా ఈడు వాళ్లలో ఇంటరు కాగానే టైపు ఇన్‌స్టిట్యూటు మెట్లు ఎక్కని వాళ్లు తక్కువ. మా టైపు సారు చెక్క స్కేలు పట్టుకుని వెనకాలే తిరిగేవాడు, చూపు కాగితం మీది నుంచి ఒక్క క్షణం పక్కకు జరిగినా వేళ్ల గణుపుల మీద పడేది దెబ్బ. లోయరూ హయ్యరూ రెండూ ఫస్టు క్లాసులో పాసై, ఆ చదువుతోనే బోధన్ దిక్కు ఒక చక్కెర ఫ్యాక్టరీ చెరుకు ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ఏ ఊళ్లో ఏ సర్వే నంబరులో ఎవరు చెరుకు వేశారో రిజిస్టరులో రాయడం, ఆ వరుస ప్రకారం కోతకు పర్మిటు చీటీలు పంపడం మా పని. చీటీ రానిదే చెరుకు కొట్టడానికి లేదు, కొట్టినా ఫ్యాక్టరీ తీసుకోదు. అందుకే సీజనులో మా బల్ల ముందు రైతులు నిలబడని రోజు ఉండేది కాదు.

నా ఉద్యోగం సగం దాటాక ఆఫీసుకు కంప్యూటరు వచ్చింది. రిజిస్టరులోని నంబర్లన్నీ దాని గడుల్లో ఎక్కించే పని, టైపు వచ్చినవాడినని నాకే అప్పగించారు. పక్కన రిజిస్టరు పెట్టుకుని, చూపంతా దాని మీదే నిలిపి, తెర వంక కన్నెత్తి చూడకుండా పేజీలకు పేజీలు కొట్టేశాను. అట్లా కొట్టడం ఆ రోజుల్లో నాకు పెద్ద గొప్ప. తోటివాళ్లు వెనక నిలబడి చూస్తుంటే మరింత జోరుగా కొట్టేవాడిని కూడా, సిగ్గు విడిచి చెబుతున్నాను. ఎక్కించినవి నంబర్ల వరుసలో పేర్చి, ప్రింటు తీసిన లిస్టును ఊళ్లలో చీటీలు పంచే మా ఫీల్డ్‌మన్లకు పంపేవాళ్లం.

ఆ సీజను మొదలైన కొన్నాళ్లకు కోటగిరి దిక్కు ఒక ఊరి నుంచి ఒక అవ్వ వచ్చింది. భర్త లేడు, ఉన్న ఎకరన్నరలో చెరుకు వేసింది, చుట్టుపక్కల అందరికీ చీటీలు వచ్చాయి గానీ తనకు రాలేదని చెప్పింది. నేను కూర్చున్న చోటు నుంచి లేవకుండానే, కంప్యూటరు లిస్టు తప్పు పోదు, వరుసలో నీ వంతు వస్తుంది పొమ్మన్నాను. పది రోజులకు మళ్లీ వస్తే మళ్లీ అదే మాట చెప్పాను. ఇంతలో ఆ ఊరి ఫీల్డ్‌మన్ లిస్టు చివరి పేజీ తిప్పి పంపాడు, ఇందులో నంబర్లు లేవు, తారీఖులున్నాయి, ఏ పొలమో తెలియడం లేదని దాని మీద రాసి. అతనికి లిస్టు చదవడం చేతకాలేదనుకుని, ఆ పేజీని పేపర్‌వెయిటు కింద పెట్టి మరిచిపోయాను.

మూడోసారి అవ్వ చెరుకు గడ ఒకటి చేతపట్టుకుని వచ్చింది. నా బల్ల మీదనే దాన్ని ఫట్టున విరిచింది. లోపల తెల్లగా బెండువారి ఉంది, చుక్క రసం లేదు.

"పూత దీసింది సారూ, నిలువున ఎండుతున్నది. నువ్వు వంతు వంతంటవు. నీ డబ్బల నా నంబరు ఉన్నదా లేదా, గదొక్కటి సూసి చెప్పు" అన్నది.

పేరు వెతికాను. పేరు ఉంది. పక్కన నంబరు ఉండవలసిన గడిలో నవంబరు మూడు అని ఉంది. అదే చదివి వినిపించాను.

"గది నా నంబరు గాదు బిడ్డా. మా మామ ముగ్గురు కొడుకులకు పంచిండు, నా పెనిమిటి పాలుకు వచ్చింది పదకొండు బై మూడు. నాకు సదువు రాదు గని నా నంబరు నాకెర్క."

అప్పుడు మొదటిసారి తెర మీద చూపు నిలిపి, 11/3 అని కొట్టి ఎంటర్ నొక్కాను. నా కళ్లముందే అది నవంబరు మూడై కూర్చుంది. చెరిపి మళ్లీ కొట్టినా అంతే. తారీఖు వద్దని గడి తీరు మార్చి చూస్తే, ఈసారి అయిదంకెల సంఖ్య ఏదో బయటపడింది. తారీఖును ఆ యంత్రం లోపల అంత పెద్ద సంఖ్యగా దాచుకుంటుందనీ, నంబర్ల వరుసలో పేర్చినప్పుడు అందుకే అవన్నీ అడుక్కు పోయాయనీ, నిజామాబాద్‌లో కంప్యూటరు పాఠాలు చెప్పే ఒకమ్మాయికి ఫోను చేస్తే ఆమె చెప్పింది. ముందు చిన్న కామా పెట్టమన్నదీ ఆమే.

చివరి పేజీ పేపర్‌వెయిటు కింద నుంచి తీసి చూశాను. గీత లేని నంబర్ల వాళ్లు, అంటే పంపకాలు పడని పెద్ద కమతాల వాళ్లు, అందరూ మొదటి పేజీల్లో భద్రంగా ఉన్నారు. అన్నదమ్ములు పంచుకోగా మిగిలిన ముక్కల వాళ్లే ఈ అడుగు పేజీలో చేరారు. రెండు రోజులు కూర్చుని, ఒక్కొక్క గడీ చూసుకుంటూ అన్నీ మళ్లీ ఎక్కించాను. అవ్వ చీటీ నేనే సైకిలు మీద తీసుకుపోయి ఇచ్చాను. తీసుకుని, కళ్లకద్దుకుని, కోతగాళ్లు లేరు బిడ్డా అన్నది. మరాఠ్వాడా నుంచి వచ్చిన కోత ముఠాలు బండ్లు కట్టుకుని అంతకు ముందు వారమే వెళ్లిపోయాయి. మిగతా చిన్న రైతులు ఇరుగుపొరుగును పోగేసి ఎట్లాగో కొట్టుకున్నారు. అవ్వకు అట్లా వచ్చే మనుషులు లేరు. ఆమె చెరుకు పశువుల పాలైంది.

మరుసటి ఏడు ఆ ఊరి పొలాలన్నీ తిరిగి ఫీల్డ్‌మన్ రాసిన పంటల పట్టీ వచ్చినప్పుడు మొట్టమొదట పదకొండు బై మూడు వెతికాను. పంట అన్న చోట వరి అని ఉంది. ఆమె పేరు మళ్లీ మా లిస్టులోకి రాలేదు.

ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు, ఆ దిక్కంతా వరే. పొలాల నంబర్లు ఇప్పుడు ఫోన్లోనే చూసుకుంటున్నారు, మంచిదే. కానీ తప్పు పడితే చెరుకు గడ పట్టుకుని వచ్చి ఎవరి బల్ల మీద విరవాలో నాకు తెలియడం లేదు. నాబోటి మొండివాడైనా ఆనాడు ఆ బల్ల వెనక ఒక మనిషి ఉండేవాడు.

లిస్టు ప్రింటు తీయమంటావా అని మనవరాలు లోపల నుంచి అడిగింది. ఆగమని, వెళ్లి పక్కన కూర్చుని, కాగితం నుంచి ఒక్కొక్క నంబరూ పైకి చదవమన్నాను, తెర నేను చూస్తానన్నాను. విసుక్కుంటూనే చదివింది. నూటికి పైగా ఇళ్లు, అరగంట పట్టింది. ఆ ఏడు అవ్వ ఊరి లిస్టు ఇట్లా సరిచూసుకుని ఉంటే అంత కూడా పట్టేది కాదు.