ఇరవై రెండో గచ్చకాయ

దయ్యాన్ని చూశామని ఎవరైనా చెబితే, ఆ పూట ఏం తిన్నారని అడిగే మనిషిని నేను. మా వీధిలో ఒక ఖాళీ ఇంట్లో గజ్జెల చప్పుడు వస్తోందని అందరూ హడలిపోతుంటే, తాళం తీయించి, గాలికి ఊగుతున్న మేకమెడ గంటను చూపించింది నేనే. ఆ ఇంటివాళ్ళు కనీసం కాఫీ తాగమని కూడా అనలేదు. అది వేరే సంగతి.

కాబట్టి ఈ రాసేదాన్ని నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నాకు తిరుపతిలో చిన్న టైలరింగ్ షాపు ఉంది. ముప్పై ఏళ్ళుగా గుండీలూ హుక్కులూ లెక్కపెడుతున్న చేతులు నావి. లెక్క తప్పడం నాకు అలవాటు లేదు. నన్ను ఎవరు ఎప్పుడు ఏమన్నారో మరిచిపోవడమూ అలవాటు లేదు.

మా పుట్టినూరు స్వర్ణముఖి ఒడ్డున ఉంది. బస్సులో గంట దూరం. నాయన బతికి ఉన్నన్నాళ్ళూ చలికాలం ఆదివారాల్లో మమ్మల్నీ చుట్టుపక్కల పిల్లల్నీ నడకకు తీసుకుపోయేవాడు. చెరకు తోటల గట్టు మీదుగా, రెల్లు పొదల పక్కన, ఏటి ఒడ్డు వెంట ఒక మైలు. అక్కడ ఇసక మేట వేసి నీళ్ళు మోకాలి లోతుకు మించవు. అక్కడ ఏరు దాటి, అవతలి మామిడి తోపులో చిత్రాన్నం తిని, వంతెన మీదుగా రోడ్డున తిరిగొచ్చేవాళ్ళం. చంకలో బిడ్డ ఉన్నవాళ్ళు కూడా సులువుగా నడిచే దారి అది.

ఏరు దాటించడానికి నాయనకు ఒక పద్ధతి ఉండేది. మనుషుల్ని వేలుపెట్టి లెక్కపెడితే దిష్టి తగులుతుందనీ, నీళ్ళ దగ్గర అసలే కూడదనీ అనేవాడు. ఆయన దగ్గర ఒక గుడ్డసంచిలో ఇరవై ఒక్క గచ్చకాయలు ఉండేవి. గోళీలంత ఉండే బూడిదరంగు గింజలు, ఆడపిల్లలు ఆడుకునేవి. ఏట్లో దిగే ముందు ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్కటి పెట్టేవాడు. మిగిలినవి సంచిలోనే ఉండేవి. అవతలి ఒడ్డుకు చేరాక ఎవరిది వాళ్ళు తిరిగి సంచిలో వేయాలి. సంచిలో మళ్ళీ ఇరవై ఒకటి ఉంటే అందరూ దాటినట్టు. తగ్గితే ఎవరో వెనకబడినట్టు. మనుషుల లెక్క మాత్రం ఎవరి నోటా రాకూడదు.

ఏళ్ళ తరబడి చేతులు మారి ఆ గింజలు నల్లబడి, నూనె రాసినట్టు నున్నగా అయిపోయాయి. అమ్మ ముందే పోయింది. నాయన పోయే ముందు ఆ సంచి నాకిచ్చాడు.

తమ్ముడు మునిరాజు ఊళ్ళోనే సేద్యం చేస్తాడు. నాయన పోయిన మరుసటి ఏడు కొత్త ఇల్లు కట్టాడు. గృహప్రవేశంలో పాలు పొంగించాల్సింది ఇంటి ఆడబిడ్డ, అంటే నేను. ఆ రోజు నా బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. ముహూర్తం దాటిపోతుందని వాడు తన మరదలి చేత పొంగించాడు. నేను వెళ్ళేసరికి పాలు పొయ్యి అంచున కారుతున్నాయి. గడప తొక్కకుండా వెనక్కి వచ్చేశాను. ఆరేళ్ళు వాడితో మాట్లాడలేదు.

నడక మాత్రం ఆగలేదు. నా మనవరాలు హర్షిత, వాడి కూతురు జాహ్నవి ఒక ఈడువాళ్ళు. ఒకరిని విడిచి ఒకరు ఉండలేరు. వాళ్ళ కోసమే చలికాలం ఆదివారాల్లో రెండిళ్ళవాళ్ళం కలిసేవాళ్ళం. వరసలో వాడు ముందు, నేను చివర. మా మాటలు మోసేది జాహ్నవి.

"అత్తా, నీళ్ళు మోకాటిదాకా ఉండాయంట. చీర దోపుకోమన్నాడు నాయన."

"నాకూ కండ్లు ఉండాయని మీ నాయనకు చెప్పు."

పోయిన చలికాలం వాడు మా నడక ఫొటో ఒకటి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద 'మా కుటుంబం' అని రాశాడు. ఆ ఫొటోలో నేను మోచేతి దాకా ఉన్నాను. మిగతా నేను లేను.

అప్పుడే నిశ్చయించుకున్నాను. వచ్చే ఆదివారం అందరినీ ఏరు దాటించి, సంచి వాడి భార్య చేతిలో పెట్టేసి, ఇక ఆ ఊరి ముఖం చూడకూడదని. మా అమ్మాయికి చెప్పాను. హర్షితకు చెప్పలేదు. ఆ ఆదివారం బస్సులో అది నా పక్కన కూర్చుని, వచ్చే వారం జాహ్నవీ తానూ ఏమేం తెచ్చుకోవాలో చెబుతూనే ఉంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

పొద్దున తొమ్మిదింటికి, ఎండ బాగా వచ్చాక ఏట్లో దిగాం. గింజలు నా చేత్తోనే పంచాను. అవతలి ఒడ్డున అందరూ సంచిలో వేశారు. కొంగులో పోసుకుని లెక్కపెట్టాను. ఇరవై రెండు వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాను. మా తమ్ముడి భార్య కుమారి లెక్కపెట్టింది. ఇరవై రెండే.

తక్కువైతే ఏం చేయాలో నాయన నేర్పాడు. ఎక్కువైతే ఏం చేయాలో నేర్పలేదు.

ఆ దారిలో ఎక్కడా గచ్చపొద లేదు. ఉన్నా, కొత్త గింజ బూడిదరంగులో తేలిపోతుంది. నా కొంగులో ఉన్నవన్నీ ఒకే నలుపు, ఒకే నునుపు. ఏది కొత్తగా వచ్చిందో నేను చెప్పలేకపోయాను.

ఎవరు చేశారో మాత్రం నాకు తెలుసనుకున్నాను. నేరుగా వాడి ముందుకెళ్ళి నిలబడ్డాను.

"ఏరా, ఫొటోలో నన్ను కోసింది సాలకనా లెక్కలో ఎగతాళి సేస్తా ఉండావు?"

"ఆరేండ్లకు నోరు తెరిచినావు. తెరిచి గచ్చకాయ గురించి అడగతా ఉండావు గదక్కా," అన్నాడు మెల్లగా.

"మాట మార్చొద్దు. యాడ తెచ్చినావు?"

"నేను యాడా తేలేదు. ఫొటో కూడా నేను కోయలేదు, ఫోను కోసింది. ఫోను మీద గూడా అలుగుతావా?"

"వదిన అలిగిందంటే ఆ ఫోను ఇంక ఆరేండ్లు మోగదు," అంది కుమారి వెనక నుంచి.

వాడు జాహ్నవి తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. మా తమ్ముడు అబద్ధాలు ఆడడని నేననను. ఆ బిడ్డ మీద మాత్రం ఆడడు.

ఆ రోజు సంచి ఇవ్వలేదు. లెక్క తేలకుండా ఎలా ఇస్తాను? మళ్ళీ ఆదివారం రావలసిందేనని మా అమ్మాయితో చెప్పాను. అది నవ్వు దాచుకోవడానికి తల తిప్పుకుంది.

ఇంటికొచ్చి ఒక గింజను బీరువాలో పెట్టి తాళం వేశాను. మిగిలిన ఇరవై ఒకటికీ హర్షిత గోళ్ళరంగు ఎర్రచుక్క పెట్టాను. రెండో ఆదివారం అవతలి ఒడ్డున మళ్ళీ ఇరవై రెండు వచ్చాయి. ఒకదానికి చుక్క లేదు. తిరుపతికి వచ్చి చూస్తే బీరువాలోది బీరువాలోనే ఉంది. చుక్క లేనిదాన్ని దాని పక్కన పెట్టాను.

మూడో ఆదివారం సంచి మునిరాజు పట్టుకున్నాడు. పంచిందీ వాడే, వెనక్కి తీసుకుందీ వాడే. మా అల్లుడు మొత్తం ఫోనులో వీడియో తీశాడు. ఒక్కొక్క చెయ్యి వచ్చి ఒక్కొక్క గింజ వేయడం అందులో స్పష్టంగా కనిపిస్తుంది. ఏ చెయ్యీ రెండు వేయలేదు. సంచిలో ఇరవై రెండు ఉన్నాయి. ఒకదానికి చుక్క లేదు.

ఆ మధ్యాహ్నం మామిడి తోపులో అన్నాను, "నాయనే వచ్చింటాడు. మనం మాట్లాడుకోవడం లేదని."

మునిరాజు తల అడ్డంగా ఊపాడు. "నాయన ఏ పొద్దయినా తనకని ఒక కాయ తీసుకున్నాడా? సంచి పట్టుకునేటోడికి కాయ యాడిది? ఇది అమ్మ."

అమ్మ ఒక్కసారి కూడా మాతో నడకకు రాలేదు. కోడి కూసే వేళకు లేచి చిత్రాన్నం కలిపి, మూట కట్టిచ్చి, వాకిట్లో నిలబడేది. "అందరికీ కాయలిస్తాడు మీ నాయన, నాకెవురిస్తారు?" అని వాడితో ఒకసారి నవ్వుతూ అన్నదట.

"నాకెప్పుడూ చెప్పలేదే," అన్నాను.

"నువ్వు అడిగింటే గదా."

"నువ్వడిగినావా?"

"లేదు. నేను చిత్రాన్నం మూట మోసేటోణ్ణి. నాకు తనంతట తానే చెప్పింది."

వాడితో చెప్పిన మాట నాతో ఎందుకు చెప్పలేదని నాకు కష్టం వేసింది. వంతెన మీద, రోడ్డు మీద, బస్సు వచ్చేదాకా నాయన అని నేను, అమ్మ అని వాడు పోట్లాడుకున్నాం. పిల్లలిద్దరూ చెవులు మూసుకుని మాకు ముందు నడిచారు.

ఆ మూడో గింజ కూడా బీరువాలోకే చేరింది. తర్వాత ఏట్లో నీళ్ళు ఇంకిపోయాయి. ఈ ఏడు వానలకు మళ్ళీ వచ్చాయి. మొదటి ఆదివారం ఇరవై రెండే వచ్చాయి. ఈసారి ఎవరూ ఎవరినీ అనుమానించలేదు. మునిరాజు సంచి మూతి కట్టి నా చేతికిచ్చాడు.

దీనికి కారణం ఏమిటో నేను చెప్పలేను. ఎవరైనా చెబితే వింటాను, కానీ ఆ గింజల్ని చేత్తో పట్టుకుని చూశాక చెప్పాలి.

ఇప్పటికీ వరసలో చివర నడిచేది నేనే. నీళ్ళలో దిగాక నా అడుగు నెమ్మదిస్తోందని, మోకాళ్ళు అరిగాయేమో డాక్టరు దగ్గరికి పోదామని మా అమ్మాయి గొడవపెడుతోంది. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. ఆ ఏట్లో కాలికింద ఇసక జారుతుంది. నా వెనక వచ్చేది ఏట్లో నడిచి అలవాటు లేని మనిషి, నేను తొందరపడితే వెనకబడిపోతుంది.