పీరా సార్ అతుకు వదలలేదు

మా గురువుగారు మహబూబ్ పీరా ఇక లేరన్న వార్త బెంగళూరులో నేను పనిలో ఉండగా చేరింది. చంద్రుడి మీద తిరగబోయే ఒక చిన్న బండికి, భూమితో మాట్లాడే రేడియో పెట్టెను తయారు చేసే బృందంలో నాది ఉద్యోగం. ఆ ఉదయం పెట్టె చక్కగా పలుకుతోంది. ఫోన్ చేసిన సహాధ్యాయి రెండు ముక్కల్లో చెప్పాడు. "పీరా సార్ పోయినాడు. గుండె ఆగిపోయిందంట." నేను "సరే" అన్నాను. అలాంటి మాటకు సరే అని ఎలా అన్నానో ఇప్పటికీ అర్థం కాదు. ఎదుట తెర మీద కదులుతున్న గీతలు ఏమిటో, వాటిని ఎందుకు చూస్తున్నానో కాసేపు మరచిపోయాను. తేరుకున్నాక నంద్యాల బస్సెక్కాను.

చివరి చూపు దక్కలేదు. నేను ఆ సందులోకి వచ్చేసరికి మగవాళ్లు ఖబరస్తాను నుంచి తిరిగి వస్తున్నారు. లోపల ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను. కిటికీ అవతల అరుగు మీద కళాశాలవాళ్లు ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. "మంచోడేప్పా. చేతిలో పని ఉండె. ఆ పొద్దు ఆయప్ప సాల్డరింగు అతుకు వదలకపోయింటే మన పిల్లోల్ల బండి ఆగేది కాదు, మన కాలేజీ యాడనో ఉండేది." వాళ్ల మాటలో ద్వేషం లేదు. ఊరంతా నమ్మినదే వాళ్లూ నమ్మారు. ఆ మాట అబద్ధం. ఆ తప్పు పీరా సార్‌ది కాదు, నాది. ఆయన పేరు మీద పడిన ఆ మరకను తుడవడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. ఇది ఆయన బతికి ఉండగా చేయవలసిన పని.

కాగితాల ప్రకారం ఆయన అధ్యాపకుడు కారు. ఆళ్లగడ్డలో రేడియోలు, టీవీలు బాగుచేసుకుంటూ బతికిన మనిషి. నంద్యాల ఊరి బయట మేము చదివిన ఇంజనీరింగు కళాశాలలో ప్రయోగశాల సహాయకుడిగా చేరారు. మా అధ్యాపకులు ఆయనను పీరా అనేవారు. మేము మాత్రం సార్ అనేవాళ్లం. పాఠం అర్థం కాకపోతే మేము వెళ్లేది ఆయన దగ్గరకే. నేను గోస్పాడు పక్క పల్లెలో రైతు బిడ్డను. సాల్డరింగు కడ్డీ ఏ వైపు పట్టుకోవాలో తెలియక వేలు కాల్చుకున్న మొదటి రోజే ఆయన శిష్యురాలినయ్యాను.

చంద్రుడి మీద నడిచే బండి నమూనా చేద్దామన్న ఆలోచన ఆయనదే. బండి కంటే ముందు నేల కావాలన్నారు. చంద్రుడి ధూళికి గాలీ నీరూ తగలవు కాబట్టి దాని రేణువులు అరగవు, మొనలు తేలి చక్రాలను కొరికేస్తాయి. ఏటి ఇసుక దానికి పనికిరాదు. ఆళ్లగడ్డ శిల్పుల షెడ్లలో విగ్రహాలు చెక్కగా రాలిన రాతిపొడి ఆయనకు గుర్తొచ్చింది. సిమెంటు సంచుల్లో నింపుకుని చాగలమర్రి నుంచి వచ్చే బస్సులో వేసుకుని తెచ్చేవారు. ఒకసారి నేనూ వెంట ఉన్నాను. కండక్టరు సంచిని కాలితో కదిపి, "ఏందప్పా ఇది, ఇంత బరువుండాది?" అన్నాడు. "చంద్రుని మీద మన్ను" అన్నారు సార్. కండక్టరు ఆయన ముఖం, నా ముఖం మార్చి మార్చి చూసి, "యాడ మన్నైనా లగేజి టికెట్టు తీసుకోవాల్సిందే" అన్నాడు. సార్ టికెట్టు తీసుకుని దాన్ని చొక్కా జేబులో భద్రంగా పెట్టుకున్నారు. నంద్యాల వచ్చేదాకా నేను నవ్వు ఆపుకోలేకపోయాను.

ఈనాడు నాకు అన్నం పెడుతున్న విద్యను ఆయన నాకు ఆ శిల్పుల షెడ్ల మధ్యనే నేర్పారు. చంద్రుడి అవతలి వైపు నిలిచిన బండికి భూమి కనిపించదు, దాని మాట నేరుగా మనకు చేరదు. పుస్తకంలో ఇది చదివినా నా బుర్రకెక్కలేదు. సార్ నా చేతికి ఒక చిన్న వాకీటాకీ ఇచ్చి, మనిషెత్తు నల్లరాళ్ల వరుస వెనక్కి వెళ్లమన్నారు. రెండో వాకీటాకీ తన దగ్గర ఉంచుకున్నారు. నా మాట తునకలు తునకలై పోతోంది. నేను గొంతు పెంచాను. "యాల అరుస్తాండావ్ పాపా? అరిస్తే రాయి పక్కకు జరుగుతాదా?" అంటూ మూడో వాకీటాకీ ఇచ్చి ఒక శిల్పిని రాళ్లగుట్ట మీద నిలబెట్టారు. నేను చెప్పింది అతను విని సార్‌కు చెప్పాడు, సార్ చెప్పింది నాకు చెప్పాడు. "మాట అందకపోతే అరవగూడదు. ఇద్దరికీ కనపడేటోన్ని మధ్యలో నిలబెట్టాల. అంతే, ఇంగేం ల్యా" అన్నారు. చంద్రుడి చుట్టూ తిరుగుతూ మాట అందించే ఉపగ్రహం చేసే పని కూడా అదే.

పనిలో ఆయన నిష్ఠ మాకు భయం పుట్టించేది. ప్రతి అతుకునూ పట్టకారుతో మూడుసార్లు లాగి చూసేవారు. మేము విసుక్కుంటే, "ఇప్పుడు నువ్వు లాగు. ఆడ చంద్రుని మీద ఊడితే అతికేదానికి నువ్వు పోతావా?" అనేవారు. అటువంటి మనిషి చేతి అతుకు వదిలిందని లోకం నమ్మింది. లోకాన్ని అని ఏం లాభం, నమ్మనిచ్చింది నేను.

బెంగళూరు నుంచి ఒక బృందం మా బండిని చూడటానికి వచ్చింది. వాళ్లకు నచ్చితే పెద్ద ప్రాజెక్టులో మా కళాశాలకు చోటు, సార్‌కు సొంతంగా ఒక ప్రయోగశాల దక్కుతాయి. అవి దసరా రోజులు. మా దగ్గర ఆయుధపూజకు పనిముట్లన్నీ కడిగి బొట్లు పెట్టి దండలు వేస్తారు. ప్రతి ఏడూ ప్రయోగశాలకు పూలూ నిమ్మకాయలూ తెచ్చేది పీరా సారే. పండుగ అయ్యాక వాడిన పూలు తీసేసి బండిని శుభ్రంగా తుడిచి ఉంచారు. అతిథులు వచ్చే ఉదయం ఆయన మైదానంలో రాతిపొడి పరుస్తుంటే, బండి బోసిగా ఉందని నాకు అనిపించింది. అంగట్లో కొన్న వెండిరంగు మెరుపుకాగితాల దండను తెచ్చి యాంటెన్నా కడ్డీకి నాలుగు చుట్లు చుట్టాను. ఆ మెరుపు లోహపు పూత, అది రేడియో అలలను అడ్డుకుంటుంది. రెండో ఏడాది విద్యార్థికి తెలిసిన సంగతే. పండుగ సంబరంలో అది దండగానే కనిపించింది.

గదిలో నాలుగడుగుల దూరం నుంచి చెబితే బండి విన్నది. మైదానంలో దిబ్బ దాటగానే నిలిచిపోయింది. మాట అందించడానికి వెదురు గడ మీద కట్టిన పెట్టెకు కూడా దాని పలుకు చేరలేదు. సార్ నడిచి వెళ్లి బండి పక్కన కూర్చున్నారు. నేనూ దగ్గరకు వెళ్లాను. దండను వేలితో తాకి, "ఎవరు కట్టినారు?" అని మెల్లగా అడిగారు. నేను నా చెప్పుల వైపు చూశాను. ఆయన ఇంకోసారి అడగలేదు. దండ విప్పి ఉండచుట్టి ప్యాంటు జేబులో కుక్కుకుని, అతిథుల దగ్గరకు వచ్చి, "నా చేతి పనే సార్. అతుకు వదిలింది. పిల్లోల్ల తప్పు ల్యా" అన్నారు.

దండ సంగతి చెబితే మాకు మొదటి పాఠం కూడా రాదని వాళ్లు అనుకుంటారని ఆయన భయం. ప్రాజెక్టు మా కళాశాలకు రాలేదు. కానీ ఆ రోజే వాళ్లలో ఒకరు నన్ను, బండి దిబ్బ వెనక ఉంటే మాట ఎలా అందిస్తారని అడిగారు. ఆళ్లగడ్డ రాళ్ల మధ్య నేర్చుకున్నది చెప్పాను. ఆయన నా పేరు రాసుకున్నారు. ఆ రాతే తర్వాత నా ఉద్యోగమైంది. అదే వారంలో పీరా సార్‌ను ప్రయోగశాల నుంచి తీసి హాస్టలు మోటార్లు చూసుకోమన్నారు. పదవీ విరమణ దాకా ఆయన ఆ మోటార్లే చూసుకున్నారు.

మన దేశపు బండి చంద్రుడి మీద కదిలిన రోజు ఆయనే ఫోన్ చేశారు. "చూసినావా పాపా, చక్రాలు ఎంత బాగా తిరుగుతాండాయో. దుమ్ము మన ఆళ్లగడ్డ పొడి మాదిరే ఉందా?" గొంతులో చిన్నపిల్లవాడి సంతోషం. "సార్, మీకొక మాట చెప్పాల" అన్నాను. "నాకేం చెప్పాల్సింది ల్యా. పని చూసుకో పో" అన్నారు. ఆయనకు తెలుసని అప్పుడే గ్రహించాను. క్షమించారని సంతోషించి ఊరుకున్నాను. ఆయన క్షమించడంతో నా మనసు తేలికైంది, ఆయన మీద నింద అలాగే ఉండిపోయింది. ఈ రెండూ వేరువేరని తెలుసుకోవడానికి ఆయన పోవలసి వచ్చింది.

మూడో రోజు సమాధి దగ్గర జియారత్ ప్రార్థనలు అయ్యాక, సార్ భార్య ఖైరున్నమ్మ ముందు కూర్చుని అంతా చెప్పాను. ఆమె తట్టలో బియ్యం ఏరుతూ విన్నది. ఏడవలేదు, తిట్టలేదు. "నాకు చెప్తే ఏమొస్తాది పాపా? నేను ఎప్పుడన్నా ఆయన్ని అనుమానించినానా? అనేటోళ్లు బయట ఉండారు. ఆడికి పోయి చెప్పు" అన్నది.

వెళ్లాను. ఆ రోజు అరుగు మీద ఆ మాట అన్నది కళాశాల స్టోర్‌కీపర్ సుబ్బరాయుడు గారు, సార్‌తో ఇరవై ఏళ్లు కలిసి టీ తాగిన మనిషి. నేను చెబుతున్నంతసేపూ ఆయన చేతిలోని తాళాలగుత్తి కదల్లేదు. "ఫ్యూజు పోయినప్పుడల్లా ఎగతాళి చేస్తి గదమ్మా. ఏం పీరా, ఇదన్నా సరిగా అతికినావా అని. అందరి ముందరా అంటి. నవ్వేటోడు. ఒక్క పొద్దన్నా కాదనల్యా" అన్నారు. కళ్లు తుడుచుకుని, "నేనింగ యాడికి పోయి తప్పయిందని చెప్పాల?" అని అడిగారు.

నేనూ అదే వెతుకుతున్నానని చెప్పాను.

అటువంటి గురువు ఈ సీమలో మళ్లీ పుడతారన్న ఆశ నాకు లేదు. ఆ మహనీయుడి పాదాలకు నమస్కరించి, ఆయనను ఎరిగినవారికీ ఎరగనివారికీ ఒక్క మాట చెబుతున్నాను. ఆ రోజు మహబూబ్ పీరా చేతి అతుకు వదలలేదు. బండిని ఆపింది నేను. ఇంత చిన్న మాట, ఆయన వినగలిగినన్నాళ్లూ నా నోట రాలేదు.