దావీదు అరంగుళం

ఆ ఆదివారం ఉదయం ఆరాధనలో కానుకల సంచి పట్టే వంతు దావీదుది. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు వేసుకుని, తలకు కొబ్బరినూనె రాసుకుని వచ్చాడు. అటు మగవాళ్ళ వైపు, ఇటు ఆడవాళ్ళ వైపు, మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా తొందరపడకుండా నడిచాడు. అతను ఒక్కో వరుస దాటుతుంటే వెనక నుంచి ఒక దగ్గు, దాని వెంట ఇంకో దగ్గు వినిపించాయి. కాలం మారే రోజులు కనుక పట్టించుకోలేదు. సంచి బల్ల మీద పెట్టి, సంఘానికి వీపు చూపిస్తూ, తల వంచుకుని నిలబడ్డాడు. పాస్టరు గారి ప్రార్థన పొడుగైనది. అంతసేపూ దావీదు ప్యాంటు మీద, మనిషి కూర్చునే చోట, తెల్లసుద్దతో నాలుగు పెద్ద ఇంగ్లిషు అక్షరాలు ఉన్నాయి. తిరగబడి అచ్చయ్యాయి కాబట్టి చదవడానికి పెద్దవాళ్ళకు కాస్త సమయం పట్టింది. పిల్లలకు పట్టలేదు. 'సిక్' అని ఉంది.

ఇంటికి వచ్చాక భార్య స్వర్ణకుమారి చెప్పింది. అక్కడే ఎందుకు చెప్పలేదని దావీదు మండిపడ్డాడు. తను చెప్పకపోవడమేమిటి, మొదటి దగ్గు తనదేనని ఆవిడ అంది.

ఆ చేతిరాత ఎవరిదో దావీదు ఎవర్నీ అడగక్కర్లేదు. ప్యాంటు విప్పి మంచం మీద పరిచి, అది తన ప్యాంటు కాదన్నట్టు దూరం నుంచి కాసేపు చూశాడు. ముందురోజు సాయంత్రం సైకిల్‌ను టీకొట్టు ముందు ఆనించి లోపలికి వెళ్ళిన మాట నిజమే. దావీదు సైకిల్ ఎక్కే పద్ధతి వేరు. నాలుగడుగులు పరుగెత్తి, కాలు విసిరి ఎక్కుతాడు. ముప్పై ఏళ్ళలో ఒక్కనాడూ సీటు మొహం చూసి ఎక్కలేదు.

రాసింది గిరిబాబు గారు. ఆయన రైల్వేలో ట్రైన్ ఎగ్జామినర్‌గా ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరైన మనిషి. యార్డులో నిలబడ్డ గూడ్సు పొడుగునా నడుస్తూ, చక్రాలను సుత్తితో తట్టి చప్పుడు విని, వ్యాగన్‌కీ వ్యాగన్‌కీ మధ్య కప్లింగులు చూసి, తేడా ఉన్నదాని మీద సుద్దతో 'సిక్' అని రాయడం ఆ ఉద్యోగం. అలా రాసిన వ్యాగన్‌ను ఎంతటి ఆఫీసరు చెప్పినా పంపరు. విడదీసి పక్క లైన్లో పెడతారు. రిటైరైన రోజున రైల్వే ఆయనకు పూలదండ వేసి, శాలువా కప్పి, సుద్దముక్క మాత్రం వెనక్కి తీసుకోవడం మరిచిపోయింది.

రోజూ పొద్దున్నా సాయంత్రమూ ఆయన తాల్‌బగీచాలోని ఇంటి నుంచి సైకిల్ మీద పూరీ గేట్ దగ్గర టీకొట్టుకు వస్తారు. ఆయన రాక మూడు వీధుల అవతలి నుంచే తెలుస్తుంది. ఆయన సైకిల్ చైను తీగ లాగినట్టు బిగిసి ఉండి, ప్రతి చుట్టుకూ ఒకసారి కిర్రుమని అరుస్తుంది. పొద్దున రైల్వే వర్క్‌షాపు సైరన్‌కు ముందు టీకొట్టు దగ్గర పాతిక ముప్పై సైకిళ్ళు ఆగి ఉంటాయి. ఆయన ఒక్కోదాని దగ్గరా వంగి, కింది చైనును వేలితో పైకి నొక్కుతారు. కదిలిందా, సీటు మీద సుద్ద పడుతుంది. ఆ సైకిళ్ళలో ముప్పాతిక వంతు, టీకొట్టుకు ఎదురుగా ఉన్న దావీదు సైకిల్ రిపేరు దుకాణంలో చేయించుకున్నవే. కనుక ముప్పాతిక వంతు సిక్.

దావీదు మంట అదీ. తండ్రి వర్క్‌షాపులో ఫిట్టరు. కొడుక్కి రైల్వే ఉద్యోగం రాలేదు గానీ తండ్రి చెయ్యి వచ్చింది. ఆ చెయ్యి నేర్పిన మొదటి పాఠం అరంగుళం. గేర్లు లేని సైకిల్‌కు చైను మధ్యలో నొక్కితే అరంగుళం ఆడాలి. అంటే బొటనవేలి గోరు వెడల్పు. ఎక్కువైతే జారిపోతుంది, తక్కువైతే తొక్కేవాడి ప్రాణం తీస్తుంది. ఇప్పుడు కుర్రాళ్ళందరికీ మోటార్‌సైకిళ్ళు వచ్చాయి. సైకిల్ తొక్కేవాళ్ళు వర్క్‌షాపులో మిగిలిందే కొద్దిమంది. ఆ కొద్దిమందీ ఈ ఊళ్ళో దావీదు పనికి సాక్ష్యం. వాళ్ళ సీట్ల మీద రోగమని రాసిపెడితే ఇంకేం మిగులుతుంది?

అన్నం ముందు కూర్చుని దావీదు అదే అన్నాడు. వ్యాగన్లు చూసుకున్నవాడు వ్యాగన్లు చూసుకోవాలి గానీ ఊళ్ళో సైకిళ్ళ మీద పడ్డమేమిటన్నాడు. తను వెళ్ళి గూడ్సు బండి బ్రేకులు సరిచేస్తున్నాడా అన్నాడు. అంతా విని స్వర్ణకుమారి, ఊరికే ఇంత గొడవెందుకు, కొన్నాళ్ళు ఆయన చెప్పినట్టే కాస్త బిగిస్తే పోలేదా అంది. దావీదు చేతిలో ముద్దను పళ్ళెంలో పెట్టేశాడు.

"నువ్వు సేపల పులుసులో ఉప్పు ఎవులో సెప్తే ఏస్తన్నావా?"

"నా పులుసు బాగోలేదని ఎవులూ ఎనకాల రాసుకు తిరగట్లేదు కదయ్యా," అంది ఆవిడ.

మర్నాటి పొద్దున తవిటయ్య వచ్చాడు. వర్క్‌షాపు కమ్మరిశాలలో పని చేస్తాడు, ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. దావీదు తండ్రి నాటి నుంచీ ఆ దుకాణం తప్ప ఇంకోటి ఎరగడు. సైకిల్ స్టాండు వేసి, సీటు వైపు చూడకుండా అన్నాడు.

"తమ్ముడూ, ఆ సైను కాస్త లాగీ."

"ఉండాల్సినంతే ఉంది తవిటన్నా."

"నాకు తెలుసురా. గేటు కాడ నవ్వుతన్నారు. ముప్పై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క రోజు సిక్కు లీవు పెట్టలేదు నాను. నా బండి మీద సిక్కని రాస్తే ఏటి బాగుంటాది?"

దావీదు పానా కింద పెట్టేశాడు. "నా సేత్తో లాగను. లాగించుకోవాలంటే ఏరే సెయ్యి సూసుకో."

తవిటయ్య స్టాండు తీసి సైకిల్ తిప్పుకున్నాడు. ఖరిదా బజారులో కొత్తగా పెట్టిన దుకాణానికి వెళ్ళి లాగించుకున్నాడు. అక్కడ ఎంత కావాలంటే అంత లాగుతారు. ఆ రోజంతా దావీదు తుడిచిన పానానే తుడుస్తూ కూర్చున్నాడు. నెల తిరిగేసరికి ఆ దారిన పోయినవాళ్ళు ఏడుగురు. రాత్రి అన్నాల దగ్గర వాళ్ళ పేర్లు వరసగా చదివేవాడు, చచ్చిపోయినవాళ్ళ పేర్లు చదివినట్టు. వాళ్ళంతా పొద్దున్నే తన దుకాణం ముందు నుంచే కిర్రుకిర్రుమంటూ పోయేవారు. ఆ చప్పుడుకి దావీదుకి పళ్ళు పులిసేవి. అటు మొహం తిప్పుకునేవాడు గానీ చెవులను ఎటు తిప్పుకుంటాడు?

ఆరో వారం శనివారం పొద్దున్న తవిటయ్య సైకిల్‌ను నడిపించుకుంటూ వచ్చాడు. మోకాళ్ళు పట్టేశాయనీ, డాక్టరు వయసన్నాడనీ, మాత్రలు వేసుకున్నా తగ్గలేదనీ చెప్పాడు. చైను కోసం రాలేదన్నట్టే మాట్లాడి, కాసేపు కూర్చుని పోదామని వచ్చానన్నాడు. దావీదు సైకిల్ స్టాండు వేసి, పెడల్‌ను వెనక్కి తిప్పి వదిలాడు. బాగున్న సైకిల్‌కు పెడల్ అలా ఒకటి రెండు చుట్లు తిరిగి ఆగుతుంది. ఇది అరచుట్టు కూడా పూర్తి కాకుండా కిర్రుమని కరుచుకుపోయింది.

"నీ మోకాళ్ళకేటీ అవలేదు అన్నా," అన్నాడు దావీదు. "దీన్ని తొక్కితే ఇరవై ఏళ్ళ కుర్రోడి మోకాళ్ళు కూడా పోతాయి."

పరువు పోతే భరించాడు, గిరాకీ పోతే భరించాడు. తవిటయ్య మోకాళ్ళ దగ్గర దావీదు ఆగలేకపోయాడు. గ్రీజు చేతులతోనే, ఆ సైకిల్‌ను ఎత్తి పట్టుకుని రోడ్డు దాటాడు.

సైరన్‌కు ఇంకా పావుగంట ఉంది. టీకొట్టు ముందు జనం ఉన్నారు. గిరిబాబు గారు బల్ల మీద కూర్చుని టీలో బిస్కెట్ ముంచుతున్నారు. దావీదు సైకిల్‌ను ఆయన ముందు దించి, ఇది ఫిట్ అని తమరే వదిలిపెట్టిన బండి, దీన్ని తొక్కి ఒక మనిషి కుంటివాడవుతున్నాడని చెప్పాడు. గిరిబాబు గారు బిస్కెట్ పూర్తిగా తిన్నాకే నోరు విప్పారు.

"ముప్పై నాలుగేళ్ళు సూసినాను దావీదూ. లూజంటే లూజే. ఇయ్యాల అరంగుళమంటావు, రేపు అంగుళమవుద్ది, ఎల్లుండి సైను రోడ్డు మీదుంటాది."

"కప్లింగు ఉన్న సోట ఉంటాది సార్. సైను తిరగాల. తిరిగేదానికి కాస్త సోటుండాల." దావీదు చెయ్యి చాచాడు. "ఆ సుద్దముక్క ఓసారి ఇప్పించండి."

ఆయన్ను ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. పెన్ను ఇచ్చి మూత తన దగ్గరే ఉంచుకునే మనిషిలా, ముక్కను రెండుగా విరిచి ఒకటి ఇచ్చారు. దావీదు వెళ్ళి గిరిబాబు గారి సొంత సైకిల్‌నే స్టాండు వేశాడు. జనం దగ్గరికి జరిగారు. పెడల్‌ను ముందుకు మెల్లగా తిప్పుతూ పోయాడు. ఒకచోట చైను బిర్రుగా బిగిసి కిర్రుమంది. ఆ చోట పెద్ద పళ్ళచక్రం మీద సుద్దతో ఒక గీత గీశాడు. ఇంకో అరచుట్టు తిప్పాడు. చైను కాస్త వేలాడింది. అక్కడ ఇంకో గీత గీశాడు.

"మీ సైనే సార్. ఇక్కడ టైటు, ఇక్కడ లూజు. ఒక్క సుట్టులోనే రెండూ ఉన్నాయి. మీరు లూజు కాడ సూసి లాగేస్తన్నారు. టైటు కాడికొచ్చేసరికి ఆ భారమంతా ఇరుసు మీద పడతాది, తొక్కేవోడి కాళ్ళ మీద పడతాది."

"ఎందుకలాగ?"

"పళ్ళసక్రం అచ్చంగా గుండ్రంగా ఉండదు సార్. అరిగినాక మరీని. టైటు సోటు ఎతికి, అక్కడ అరంగుళం వదలాల."

గిరిబాబు గారు కళ్ళజోడు తుడుచుకుని, పంచె ఎగ్గట్టి, రోడ్డు మీదే గొంతుక్కూర్చున్నారు. పెడల్ తనే తిప్పారు. ఒకసారి కాదు, మూడుసార్లు. మొదటి గీత దగ్గర నొక్కారు, రెండో గీత దగ్గర నొక్కారు. యార్డులో చక్రం చప్పుడు వినేటప్పటిలా తల ఒక పక్కకు వంచారు. తర్వాత లేచి, తన దగ్గర మిగిలిన సుద్దముక్కతో తన సీటు మీద 'సిక్' అని రాశారు. యార్డు పద్ధతిలో కింద తేదీ కూడా వేశారు. సైకిల్‌ను దావీదు వైపు తోసి, తాల్‌బగీచాకు నడుచుకుంటూ వెళ్ళిపోయారు.

ఆరాధన రోజు ప్యాంటు సంగతి మీద దావీదు ఆరు వారాలుగా మాటలు పేర్చి పెట్టుకున్నాడు. మంచి మాటలు. స్వర్ణకుమారి మీద రెండుసార్లు ప్రయోగించి చూసుకున్నాడు కూడా. వాటిని వాడే సందు ఇవ్వకుండా ఆయన వెళ్ళిపోయినందుకు మళ్ళీ మండింది.

ముందు తవిటయ్య సైకిల్ చేసి పంపాడు. తర్వాత గిరిబాబు గారిది పట్టాడు. వెనక ఇరుసుకు రెండు పక్కలా నట్లు వదులు చేసి, చక్రాన్ని వెంట్రుకవాసి చొప్పున ముందుకు జరిపాడు. సుద్దగీత చూసుకుని, చైను బిగిసే చోటికి పెడల్ తెచ్చి, బొటనవేలి గోరు ఆనించి చూశాడు. చక్రం ఫ్రేముకు రెండు వైపులా సమానంగా ఉందో లేదో చూసి, నట్లను కుడిది కొంచెం, ఎడమది కొంచెంగా బిగించాడు. చక్రం జరిగింది గనక బ్రేకు సరిచేశాడు. చైనుకు నూనె పెట్టాడు. హ్యాండిల్ మీద గంట తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. ఆ చైనుతో ఆయనకు గంట అవసరం ఏనాడు పడింది గనక. అడక్కపోయినా దానికీ ఒక చుక్క వేసి, రెండుసార్లు కొట్టి చూశాడు. సీటు మీద సుద్ద మాత్రం తుడవలేదు. రాసినవాడే తుడుచుకుంటాడని ఊరుకున్నాడు.

మర్నాటి నుంచి పోయినవాళ్ళు ఒకరొకరే తిరిగి వచ్చారు. తవిటయ్య మోకాళ్ళు పది రోజుల్లో దారికొచ్చాయి. గిరిబాబు గారు తనిఖీ మానలేదు. కాకపోతే ఇప్పుడు పెడల్ తిప్పి, టైటు చోటు వెతికి, అక్కడ గోరు ఆనించి చూస్తున్నారు. ఖరిదా దుకాణంలో లాగించుకున్నవి వరసగా సిక్ అవుతున్నాయి. ఇదంతా తనే కనిపెట్టినట్టు టీకొట్టులో కొత్తవాళ్ళకు చెబుతున్నారని విని దావీదు ఒక పూట అన్నం తినలేదు. తప్పయిందని ఒక్క మాట అనలేదు కదా అని, దొరికినవాడికల్లా చెప్పాడు. స్వర్ణకుమారి మాత్రం ఆదివారం పూట ఒక పాత గుడ్డ సైకిల్ సీటుకు చుట్టి పంపిస్తోంది.

ఇంకో వారానికి, దావీదు పంక్చరు వేసుకుంటుంటే ముందు నీడ పడింది. తలెత్తితే గిరిబాబు గారు సైకిల్‌తో సహా నిలబడి ఉన్నారు. ఆయన రావడం వినిపించనే లేదు. చేతిలో సంచి, సంచిలోంచి తొంగిచూస్తున్న తోటకూర, మొహం నిండా కోపం.

"ఏటి దావీదూ నువ్వు సేసిన పని. సప్పుడన్నదే లేదు. ఇదివరకు నాను వస్తంటే ఖరిదా బజారు బజారంతా దారిచ్చేసేది. ఇయ్యాల ఒక్కడు జరగలేదు. కూరల కాడ ఒక దీదీని ఇంచుమించు గుద్దేసినాను. పదిమందిలో తిట్టీసింది నన్ను. దీనికేటంటావు?"

దావీదు ట్యూబు మీంచి చూపు తియ్యలేదు.

"బెల్లుంది కదా సార్, కొట్టండి."