కానుకిచ్చిన పెయ్యదూడ

పంటతో పాటు పాడి కూడా ఉంటే రైతుకు అదనపు ఆదాయం వస్తుందన్న సంగతి పెనుగొండ అవతల ఆ చిన్న ఊళ్ళో మొదట కనిపెట్టినవాడు లాజరు. కనీసం లాజరు అలాగే చెప్పుకుంటాడు. నిజానికి ఆ మాట చెప్పింది పంచాయతీ ఆఫీసులో మీటింగు పెట్టిన ఒక ఆఫీసరు. గోడ మీద రంగురంగుల బొమ్మలు వేసి చూపించి, వరి పనులయ్యాక మిగిలే ఖాళీ సమయంలో ఒక గేదెను చూసుకోవడం పెద్ద పనేమీ కాదని ఆయన సెలవిచ్చాడు. వెనక వరసలో కూర్చున్న లాజరు భార్య సువార్తమ్మ ఆ ఖాళీ సమయం తన రోజులో ఎక్కడుందా అని చాలాసేపు వెతికింది. కౌలు చేలో ఊడ్పులూ కలుపూ తనవే. అవి అయ్యాక పరాయి చేలల్లో కూలి. ఎంత వెతికినా కనిపించలేదు. గేదె మాత్రం వచ్చింది.

గేదె వచ్చాక మొగుడూ పెళ్ళాం పని పంచుకున్నారు. గట్ల మీద గడ్డి కోసుకురావడం, పేడ తీయడం, తవుడు కలపడం, కాలవలో కడగడం, పాలు తీయడం సువార్తమ్మ వంతు. పాడి పరిశ్రమ గురించి నలుగురికీ చెప్పడం లాజరు వంతు. తన వంతు పనికి అతను ఒక్కపూట కూడా నాగా పెట్టలేదని ఒప్పుకోవాలి. పాల కేంద్రానికి క్యాను పట్టుకెళ్ళడం కూడా తనే చేసేవాడు. అక్కడ వినేవాళ్ళు ఎక్కువమంది ఉంటారు మరి.

గేదె చూడి కట్టింది. దాన్ని అమ్మినతను, ముందు రెండు ఈతల్లోనూ పోతుదూడలే పుట్టాయని చెప్పాడు. ట్రాక్టర్లొచ్చాక పోతుదూడ ఎవరికి కావాలి? మేపినంత కాలం మేపి సంతకు తోలడమే. ఇదంతా ఆలోచించుకునే, ఒక ఆదివారం గుడిలో సాక్ష్యాల వేళ లాజరు మైకు అందుకున్నాడు.

"ఈసారి మా గేదె ఈనే దూడ ప్రభువుదేనండి. కోత పండుగ నాడు తోలుకొచ్చి అప్పజెప్తాను."

సంఘమంతా స్తోత్రం చెప్పింది. ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్న సువార్తమ్మ కేసి అందరూ ఒకసారి చూశారు. ఆవిడకి కూడా ఆ సంగతి అప్పుడే తెలిసింది. ఇంటికొచ్చి అడిగితే, పుట్టేది ఎలాగూ పోతుదూడేననీ, పేరుకి పేరు, తవుడుకి తవుడు మిగులుతాయనీ లాజరు నచ్చజెప్పాడు. దేవుడికి ఆ లెక్క తెలియదని అతని గట్టి నమ్మకం.

గేదె ఆ సాక్ష్యం వినలేదు. నిగనిగలాడే పెయ్యను ఈనింది.

సువార్తమ్మ దూడ ఒళ్ళు తుడుస్తూనే ముందుకు ఆలోచించేసింది. పెయ్య ఎదిగి ఈనితే పాకలో రెండు గేదెలవుతాయి. రెండు గేదెలుంటే నడుం వంచి పరాయి చేలో కలుపు తీయక్కర్లేదు. ఆ సంతోషంలోనే జున్ను వండి ఇంటింటికీ పంచింది. తిన్నవాళ్ళంతా మూతి తుడుచుకుని, "పెయ్యా? దేవుడి దూడ భలే పుట్టిందమ్మా" అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది.

ఏళ్ళ తరబడి తెరవని బైబిలు లాజరు ఆ రాత్రి తెరిచాడు. పశువుల్లో తొలిచూలు మగది మాత్రమే దేవుడిదని అందులో దొరికింది. ఇది తొలిచూలు కాదు, మగది అసలే కాదు. ధర్మశాస్త్రం ఇంతగా తన పక్షాన నిలబడుతుందని అతను అనుకోలేదు. పొద్దున్నే పాస్టరు విజయ్ పాల్ గారింటికి పరుగెత్తి, తను మనసులో అనుకున్నది పోతుదూడేనని విన్నవించుకున్నాడు. అయ్యగారికి గుడి రేకులు మార్పించే పని ఒకటి మిగిలి ఉంది.

"దేవుడు మనసే చూస్తాడు లాజరు గారూ, అందులో సందేహం లేదు. కానీ సంఘం మైకులో విన్నది కదండీ" అన్నారాయన.

కోత పండుగ నాడు వరి కంకులు, అరటి గెలలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళ మధ్య పెయ్యదూడను కూడా నిలబెట్టారు. ఆరాధన అయ్యాక కానుకలన్నీ వేలం వేస్తారు. లాజరు ధైర్యమల్లా ఒకటే. కానుక ఇచ్చినవాడే పాట పాడితే, వాడి మీద ఇంకొకరు పాడరు. అది ఆ సంఘంలో మర్యాద. కాకపోతే ఆ మర్యాద ఊళ్ళో ఉండేవాళ్ళకి. లాజరు చిన్నాన్న కొడుకు జీవరాజు రావులపాలెంలో అరటికాయల వ్యాపారం చేస్తాడు, ఏడాదికోసారి కారులో పండుగకొస్తాడు. తన పేరు మైకులో వినపడితే అతనికి భోజనం చేసినట్టుంటుంది.

లాజరు పాడాడు. జీవరాజు పైకి పాడాడు. లాజరుకి పౌరుషం వచ్చింది. పాట వాళ్ళింట్లో ఉన్నది దాటింది, పాల కేంద్రంలో రావలసింది దాటింది, అప్పు దొరికే చోట్లు కూడా దాటబోతోంది. దూడ కోసం గేదెను అమ్ముకోవలసి వచ్చేలా ఉందని సువార్తమ్మకి అర్థమైంది.

"ఏవండీ, కూర్చోండి" అంది చాప మీంచి లేచి.

పెళ్ళయ్యాక భార్య మాట అతను అంత తొందరగా విన్నది అదే మొదలు.

దూడ జీవరాజుదైంది. చప్పట్లు కొట్టారు. అయ్యగారు పేరు చదివారు, తర్వాత పలుపుతాడు చేతికిచ్చారు. ఈ రెండో భాగం గురించి జీవరాజు ఆలోచించినట్టు లేదు. దూడ అతని తెల్ల ప్యాంటుకి ముక్కు రాసి, తల్లి కోసం ఒకటే అరుపు. ఏం చెయ్యాలో తోచక సువార్తమ్మను పిలిచాడు.

"వదినా, దీనికి సీసాతో పాలు పట్టొచ్చా?"

"పట్టొచ్చండి మరిదిగారూ. రోజుకి నాలుగుసార్లు. పేడ కూడా ఎప్పటికప్పుడు తీస్తుండాలి. మీరు చేస్తారా, మా చెల్లెలు చేస్తుందా?"

కారు దగ్గర నిలబడ్డ జీవరాజు భార్య చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుంది. జవాబు అదే.

దూడ కుడిస్తేగాని తన గేదె పాలు చేపదని, ఆ పూట దూడ వెళ్ళిపోతే పాలూ వెళ్ళిపోతాయని సువార్తమ్మకి తెలుసు. ఆ మాట మాత్రం బయటికి రానివ్వలేదు.

"దూడ మీదేనండి. మా పాకలో ఉంటది. ఈనేదాకా నేను మేపుతాను. ఈనాక ఖరీదు కట్టించుకుని సగం మీకు, సగం నాకు."

"సగం అన్నయ్యకన్న మాట."

"నాకండి" అంది సువార్తమ్మ. "అయ్యగారు ఇక్కడే ఉన్నారు. ఆయన ముందే అనేయండి."

జీవరాజు అనేశాడు. తాడు వదిలించుకోవడానికి అతను ఇంకా పెద్ద మాటలకి కూడా సిద్ధంగానే ఉన్నాడు.

సాయంత్రానికి దూడ తన గుంజకే చేరింది. గుడికి రేకులొచ్చాయి, జీవరాజుకి పేరొచ్చింది. సువార్తమ్మకి తన పాకలోనే పుట్టిన దూడలో సగం వాటా వచ్చింది, గడ్డి మోపులో మాత్రం ఎవరూ సగం తగ్గించలేదు. దూడను పొదుగుకి వదిలి, గేదె చేపాక పక్కకి లాగి కట్టి, ఆవిడ తపేలా పట్టుకుని కూర్చుంది. లాజరు పాక గుమ్మంలో నిలబడి చాలాసేపు వేళ్ళు ముడుస్తూ లెక్క వేశాడు.

"సగం జీవరాజుది, సగం నీది. మరి నాదేంటే?"

"మీదేం ఉంటదండీ," అంది సువార్తమ్మ పాలు పితుకుతూనే, "మీరు దేవుడికి ఇచ్చేశారు గదా."